కందకు లేని దురద పెదవికెందుకు?

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. తనకు సంబంధం లేని విషయంలో తలదూర్చేవాణ్ని అనే మాట అది. కానీ కార్తీకం దాటి చలి ముదిరిందంటే చాలు, ఏ హాస్టల్ గదిలోకి వెళ్లి చూసినా ఆ దురద పెదవులకు పట్టుకొని కనిపిస్తుంది. ఒకడు మాటిమాటికీ పెదవులు నాకుతుంటాడు. ఇంకొకడు పాఠం వింటూ పళ్లతో పెదవి మీది తోలు పీకుతుంటాడు. మరొకడు నోటి మూలలు పగిలి ఆవలించడానికే భయపడతాడు. చారు తగిలితే మంట, పచ్చడి తగిలితే మంట. సగం అన్నం పళ్లెంలోనే వదిలేసి లేచిపోయే పిల్లలు కూడా ఉంటారు.

పెదవి దురదా ఒక జబ్బేనా, దానికొక వ్యాసమా అని మిత్రులు నవ్వవచ్చు. నిజమే, ఇది చిన్న బాధే. అయినా ఈ వార్షికోత్సవ సంచికలో దీని గురించి రాయడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, పైసా ఖర్చు లేకుండా తగ్గిపోయేదాన్ని తెలియక మన చేతులారా పెంచుకుంటున్నాం. రెండవది, కొన్నిసార్లు పెదవి మనకొక కబురు చెబుతుంది. పళ్లెంలో ఏదో తక్కువైందన్నదే ఆ కబురు. దాన్ని అర్థం చేసుకోవాలే తప్ప, ఆ పుండు ఉన్న తమ్ముణ్ని చూసి నవ్వకూడదు.

పెదవి తోలు ప్రత్యేకత

మన ఒంటి మీది చర్మం కింద చెమట గ్రంథులు, నూనె గ్రంథులు ఉంటాయి. అవి చర్మాన్ని తడిగా, మెత్తగా ఉంచుతాయి. పెదవి మీది ఎర్రని భాగంలో చెమట గ్రంథులు, వెంట్రుకలు ఉండవు. నూనె గ్రంథులు కూడా దాదాపు లేనట్టే. పైగా అక్కడి చర్మం చాలా పలుచన. కింది రక్తనాళాలు కనిపించడం వల్లనే పెదవులు ఎర్రగా ఉంటాయి. ఇంత పలుచని తోలుకు కాపలా లేదు కాబట్టి గాలికి, ఎండకు, చలికి ముందుగా ఎండిపోయేది అదే. ఎండితే బిగుసుకుంటుంది, బిగుసుకుంటే పగులుతుంది. ఆ పగుళ్లలోకి ఉప్పు, కారం, పేస్టు ఏది పోయినా మంట, దురద మొదలవుతాయి.

నాకుడే అసలు శత్రువు

పెదవి ఎండగానే నాలుకతో తడపాలనిపిస్తుంది. తడపగానే ఒక నిమిషం హాయిగా ఉంటుంది. కానీ ఆ తడి గాలికి ఆరేటప్పుడు పెదవిలో ఉన్న కొద్దిపాటి తేమను కూడా తీసుకుపోతుంది. అంతేకాదు, లాలాజలం ఉత్త నీళ్లు కాదు. అన్నం అరగడానికి పనికొచ్చే ఎంజైములు అందులో ఉంటాయి. నోటిలో వాటి పని మంచిదే కానీ, పగిలిన పెదవి మీద అవే మంట పుట్టిస్తాయి. అందుకే ఎంత నాకితే అంత ఎండుతుంది, ఎంత ఎండితే అంత నాకాలనిపిస్తుంది. కొందరు పిల్లలకు పెదవి చుట్టూ, నాలుక అందినంత మేర, గుండ్రంగా నల్లని లేదా ఎర్రని చార ఏర్పడేది దీనివల్లనే. ఆ చార ఎంతవరకు ఉందో చూస్తే నాలుక ఎంతవరకు పోతుందో తెలిసిపోతుంది.

దీనికి మందు చాలా సులువు. ఏ వాసనా, ఏ రంగూ లేని తెల్లని పెట్రోలియం జెల్లీని పలుచగా రాసుకోవాలి. 1872లో అమెరికాలో రాబర్ట్ చీస్‌బ్రో వాసెలిన్ పేరుతో పేటెంటు పొందింది దీనికే. ఇది పెదవికి కొత్తగా తేమనేమీ ఇవ్వదు, ఉన్న తేమ పోకుండా మూత పెడుతుంది. అందుకే మొదట పెదవులను మంచినీటితో తడిపి, మెత్తని బట్టతో అద్ది, ఆ వెంటనే రాసుకోవాలి. పొద్దున ముఖం కడుక్కున్నాక, అన్నం తిన్నాక, రాత్రి పడుకునే ముందు రాసుకుంటే చాలు. అది దొరకకపోతే ఇంటి నుంచి తెచ్చుకున్న నెయ్యి గాని, వెన్న గాని, కొబ్బరినూనె గాని పనికొస్తుంది. చిన్న డబ్బా ఒక చలికాలమంతా వస్తుంది. అయితే ఎవరి డబ్బా వారిదే. అందరి వేళ్లూ ఒకే డబ్బాలో పెట్టవద్దు.

తోలు లేచినప్పుడు దాన్ని పీకకూడదు. జెల్లీ రాసి నానబెడితే దానంతట అదే రాలిపోతుంది. తలనొప్పికి, జలుబుకు రాసుకునే బాములు పెదవికి రాయవద్దు. వాటిలోని కర్పూరం, పుదీనా పువ్వు రాసిన క్షణం చల్లగా ఉన్నా తర్వాత మంటను పెంచుతాయి. ముఖానికి సబ్బు రుద్దేటప్పుడు పెదవులు మూసుకోవాలి. నీళ్లు సరిపడా తాగాలి.

బయటి నుంచి తగిలేవి

ఎండిపోవడం తర్వాత ఎక్కువగా కనిపించేది, ఏదో ఒక పదార్థం తగలడం వల్ల వచ్చే దురద. మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యేవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

కంద, చామ: మొదట చెప్పిన సామెతకు ఇక్కడ శాస్త్రం తోడవుతుంది. కందగడ్డ, చామగడ్డ కణాలలో కాల్షియం ఆగ్జలేట్ అనే పదార్థం సూదుల ఆకారంలో ఉంటుంది. గడ్డ కోయనంత వరకు ఆ సూదులు లోపలే ఉంటాయి. కోసినప్పుడు బయటపడి చేతికి గుచ్చుకుంటాయి. సరిగా ఉడకకపోతే పెదవికీ, నాలుకకూ, గొంతుకూ గుచ్చుకుంటాయి. అంటే కంద తనలోనే దురద దాచుకుంది, అది తెలిసేది మాత్రం మన చేతికీ నోటికీ. మన అమ్మలు కందను చింతపండు పులుసుతో వండడం ఊరికే కాదు. బాగా ఉడికించడం, పులుపు తగిలించడం వల్ల దురద తగ్గుతుంది. చామగడ్డ కూర వండిన రోజు గడ్డ మెత్తగా ఉడికిందో లేదో వంటవాళ్లు ఒకసారి నొక్కి చూస్తే చాలు.

మామిడి సొన: వేసవి సెలవుల్లో ఇంటికి పోయిన పిల్లలు మూతి పొక్కించుకోవడానికి ఇది ముఖ్య కారణం. చెట్టు నుంచి కాయ తెంపగానే తొడిమ దగ్గర కారే సొనలో చర్మాన్ని రేపే నూనెలాంటి పదార్థం ఉంటుంది. మామిడి, జీడిమామిడి, చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి, ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. కాయను తొడిమతో సహా పళ్లతో కొరికితే సొన నేరుగా పెదవికి తగులుతుంది. దురద, పొక్కులు వెంటనే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత కూడా రావచ్చు. అందువల్ల కారణం మామిడికాయ అని చాలామందికి తట్టదు. తొడిమ తీసి, సొన కారిపోనిచ్చి, కాయను నీళ్లలో వేసి కడిగి, కోసుకొని తినాలి. మూతికి సొన అంటితే వెంటనే సబ్బుతో కడగాలి.

మిరప: మన జిల్లా మిరపకు పేరుపొందింది. ఇక్కడి చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చపాటాలో రంగు ఎక్కువ, కారం తక్కువ. మిగతా రకాలు అలా కాదు. సెలవుల్లో అమ్మానాన్నలతో మిరప ఏరడానికి పోయే పిల్లలు అవే చేతులతో మూతి తుడుచుకుంటే గంటల తరబడి మంట ఉంటుంది. కారంలోని క్యాప్సైసిన్ ఉత్త నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి నీళ్లు చల్లుకునే బదులు మొదట కొద్దిగా నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. నోటిలో మంటకు పెరుగు లేదా పాలు పనిచేస్తాయి.

పళ్లపేస్టు: నురగ బాగా వచ్చే పేస్టులు, ఘాటైన పుదీనా, దాల్చిన చెక్క వాసన ఉన్న పేస్టులు కొందరి పెదవులకు పడవు. పేస్టు మార్చిన వారం పది రోజుల్లో దురద మొదలైతే దాన్నే అనుమానించాలి. పళ్లు తోముకున్నాక నోటి చుట్టూ నురగ మిగలకుండా కడగాలి. బ్రష్ మీద శనగగింజంత పేస్టు చాలు.

రంగులు: వార్షికోత్సవం అనగానే నాటకాలు, కోలాటాలు, ఏకపాత్రాభినయాలు ఉంటాయి. అమ్మవారి వేషం వేసే పిల్లవాడి నుంచి రాజు వేషం వేసేవాడి దాకా అందరి పెదవులకూ ఒకే లిప్‌స్టిక్ తిరుగుతుంది. అది లేకపోతే కుంకుమ నూనెలో కలిపి రాస్తారు. చవక కుంకుమలోని రసాయనపు రంగులు పెదవికి పడకపోతే మర్నాటికే వాపు, దురద కనిపిస్తాయి. వేషానికి ముందు పెదవికి పలుచగా జెల్లీ రాసుకోవాలి. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవికి అద్దకుండా ఎవరికి వారు శుభ్రమైన దూది పుల్లతో రాసుకోవాలి. నాటకం అయిపోగానే కొబ్బరినూనెతో తుడిచేయాలి. హోలీ నాడు కూడా ఇదే జాగ్రత్త పాటించాలి. మోదుగుపూలు ఉడకబెట్టిన రంగు ఉండగా డబ్బాల్లోని రంగులతో పని లేదు.

గుట్కా, ఖైనీ: ఇది చెప్పక తప్పదు. పెద్ద తరగతుల పిల్లల్లో కొందరు పెదవి కింద పొగాకు పెట్టుకోవడం నేర్చుకుంటారు. మొదట దురద, మంట వస్తాయి. తర్వాత ఆ చోట తోలు తెల్లబడి గట్టిపడుతుంది. వక్కతో చేసిన గుట్కా అలవాటైతే కొన్నేళ్లకు నోరు సరిగా తెరుచుకోదు. పెదవి మీద, నోటి లోపల తెల్లని మచ్చ కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. ఆ అలవాటును ఆ రోజే మానాలి.

నోటి మూలలు చెప్పే కబురు

ఇప్పటిదాకా చెప్పినవి బయటి కారణాలు. నోటి రెండు మూలలా తెల్లగా నానినట్టయి, పగిలి, దురద, మంట పెడుతుంటే మాత్రం ఎక్కువగా లోపలి కారణం కోసం వెతకాలి. దీన్ని మన వైపు నోరు పాసిందనీ, మూతి పగిలిందనీ అంటారు. సాలెపురుగు పోసిందనీ, దిష్టి తగిలిందనీ చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అవేవీ కావు.

దీని వెనుక మన దక్షిణాది పిల్లల చరిత్ర ఒకటి ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి వ్యాధి మీద ఒక చిన్న పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న ఆ సంస్థకే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. అది కూనూరులో ఉన్న కాలంలో, 1936లో, దాని డైరెక్టరు డబ్ల్యు.ఆర్. అక్రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ కలిసి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నోటి పుండ్లకు విటమిన్ బి2 లోపం కారణమని అందులో చెప్పారు. హైదరాబాదుకు వచ్చిన తర్వాత కూడా ఈ పని ఆగలేదు. డాక్టర్ మహతాబ్ బాంజీ, ఆమె సహచరులు పల్లెటూరి బడిపిల్లల రక్తంలోని బి విటమిన్లకూ, వారి నోటిలో కనిపించే పుండ్లకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించి 1979లో ఫలితాలు ప్రచురించారు. మన నోటి మూలలో ఉన్న పగులును ఇంతమంది శాస్త్రవేత్తలు ఇన్నేళ్లు పట్టించుకున్నారన్నమాట.

జొన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మన తాతముత్తాతలు జొన్న గటక, జొన్న రొట్టె తిని బతికినవాళ్లు. జొన్న తప్ప పప్పు, పాలు దొరకని బీదవారికి పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. నాలుక ఎర్రబడి, నోరు పూసి, ఎండ తగిలే చోట చర్మం నల్లబడేది. నియాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడం దీనికి మూలం. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కూ దీనికీ సంబంధం ఉందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. తప్పు జొన్నది కాదు, పక్కన పప్పూ పాలూ లేకపోవడానిది. నూరేళ్లు జీవించి 2019లో కన్నుమూసిన గోపాలన్ గారు జీవితమంతా పోషకాహారం కోసమే పనిచేశారు.

ఇక మన పళ్లెం సంగతికి వద్దాం. 2015 జనవరి నుంచి హాస్టళ్లలో సన్నబియ్యం అన్నం పెడుతున్నారు. అన్నం తినడానికి బాగుంటుంది. కానీ తెల్లగా పాలిష్ పట్టిన ఏ బియ్యంలోనైనా తవుడుతో పాటు బి విటమిన్లు చాలావరకు పోతాయి. బియ్యాన్ని నాలుగైదు సార్లు పిసికి కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలినవి నీళ్లలో పోతాయి. అంటే కడుపు నిండుతుంది గాని పెదవికి కావలసింది అందదు. అది అన్నం పక్కన ఉండేవాటి నుంచి రావాలి. బి2 ఎక్కువగా ఉండేవి పాలు, పెరుగు, కోడిగుడ్డు, కాలేయం, ఆకుకూరలు. పెరిగే పిల్లలకు రోజుకు సుమారు 2 మిల్లీగ్రాముల బి2 కావాలి, పెద్ద తరగతుల పిల్లలకు ఇంకా ఎక్కువ. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 0.2 మిల్లీగ్రాములు. గ్లాసు పాలలో 0.3 కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి ఒక్క గుడ్డుతో పని పూర్తి కాదు. గుడ్డు, మజ్జిగ, తోటకూర పప్పు, మునగాకు, సాయంత్రం గుడాలు, పల్లీలు అన్నీ కలిస్తేనే లెక్క సరిపోతుంది.

ఇక్కడ తమ్ముళ్లకు ఒక మాట. ఆకుకూర పప్పు వండిన రోజు ఆకును ఏరి పళ్లెం అంచున పెట్టేవాళ్లు చాలామంది. పుల్లగా ఉందని మజ్జిగ వద్దనేవాళ్లు, వాసన అని గుడ్డును పక్కవాడికి ఇచ్చేసేవాళ్లు ఉన్నారు. మీరు పక్కన పెట్టింది మీ పెదవికి మందు. మరోవైపు, మెనూలో ఉన్న గుడ్డు, పాలు పళ్లెంలోకి రావడం పిల్లల హక్కు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. 3 నుంచి 7వ తరగతి వరకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330కి, 8 నుంచి 10 వరకు 1,100 ఉన్నది 1,540కి, ఇంటర్ ఆ పైన 1,500 ఉన్నది 2,100కి పెరిగింది. మెనూ పట్టిక భోజనాల గది గోడ మీద ఉండాలి, దాన్ని పిల్లలు చదవాలి. రానిది ఏదైనా ఉంటే మెస్ కమిటీ ద్వారా వార్డెన్ సార్‌ను మర్యాదగా అడగాలి. అడగడం తప్పు కాదు.

బి2 ఒక్కటే కాదు, రక్తహీనత ఉన్నా నోటి మూలలు పగులుతాయి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను చాలామంది మింగినట్టు నటించి కిటికీలోంచి పారేస్తారు. అన్నం తిన్న తర్వాత మింగితే వికారం ఉండదు. 2015 నుంచి దేశమంతా జరుగుతున్న నులిపురుగుల దినం నాడు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర కూడా వేసుకోవాలి. కొన్ని రకాల నులిపురుగులు పేగుల్లోంచి మన రక్తాన్నే తాగుతాయి.

మూలల పగుళ్లకు డాక్టరు బి-కాంప్లెక్స్ మాత్రలు రాస్తే కొన్ని రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. ఆ మాత్రలు వేసుకున్నప్పుడు మూత్రం పసుపుపచ్చగా వస్తుంది. కామెర్లు వచ్చాయేమోనని కొందరు భయపడి మాత్రలు మానేస్తారు. భయం అక్కరలేదు, ఆ రంగు బి2 విటమిన్‌దే. ఒంటికి ఎక్కువైనది అలా బయటికి పోతుంది. వారం పది రోజులు వేసుకున్నా తగ్గకపోతే ఆ పగుళ్లలో ఫంగస్ గాని, చీము పుట్టించే సూక్ష్మజీవులు గాని చేరి ఉండవచ్చు. దానికి వేరే మందు కావాలి, డాక్టరే చూసి ఇవ్వాలి.

జ్వరం తర్వాత వచ్చే పొక్కులు

జ్వరం గాని, జలుబు గాని తగిలినప్పుడు, లేదా ఎండన బాగా తిరిగినప్పుడు కొందరికి పెదవి అంచున ఒకచోట మొదట జివ్వుమని దురద పుడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అక్కడ నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. అవి చితికి, పొక్కు కట్టి, వారం పది రోజుల్లో మానిపోతాయి. ఇది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ పని. పేరు విని బెదరవద్దు. ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఈ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి చిన్నప్పుడే, పెద్దల ముద్దుల ద్వారానే వస్తుంది. ఒంట్లో నిద్రపోతూ ఉండి, మనిషి నీరసించినప్పుడు లేస్తుంది. దీనిలో తప్పు చేసినవారెవరూ లేరు.

పొక్కులు ఉన్నన్ని రోజులు గ్లాసు, తువాల, విజిల్, వేణువు ఎవరితోనూ పంచుకోకూడదు. పొక్కును ముట్టుకున్న చేతితో కన్ను నలపకూడదు, కంటికి సోకితే ప్రమాదం. పొక్కులు గిల్లకూడదు. తరచుగా వచ్చేవారు డాక్టరును కలిస్తే, దురద మొదలైన రోజే వాడుకోవలసిన మందు చెబుతారు.

అంటుకునేదేది, అంటుకోనిదేది?

మిత్రులారా, ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఇదే. ఎండి పగిలిన పెదవి ఎవరికీ అంటుకోదు. విటమిన్ లోపం వల్ల వచ్చిన మూలల పగులు అంటుకోదు. మామిడి సొన పొక్కు అంటుకోదు. వైరస్ పొక్కు, చీము పుండు మాత్రమే అంటుకుంటాయి. వాటికి కూడా వేరే గ్లాసు, వేరే తువాల ఉంటే చాలు. మనిషిని వేరుగా ఉంచవలసిన పని లేదు.

అయినా నోరు పాసిన పిల్లవాణ్ని పంక్తిలోంచి పక్కకు జరగమనడం, పేర్లు పెట్టి పిలవడం, వాడి గ్లాసు చూసి మొహం తిప్పుకోవడం హాస్టళ్లలో జరుగుతూనే ఉంటుంది. మన తాతలను పంక్తికి దూరంగా కూర్చోబెట్టి, చేతికి గ్లాసు ఇవ్వకుండా పైనుంచి దోసిట్లో నీళ్లు పోసిన ఊళ్లు మనవి. ఆ బాధ తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలం. మన భోజనాల గదిలో మనమే ఒక తమ్ముణ్ని దూరంగా కూర్చోబెడితే అది పెదవి పుండు కంటే పెద్ద పుండు అవుతుంది. నవ్వుతారని భయపడే పిల్లవాడు నోరు తెరిచి పాఠం చదవడు, బాధను ఎవరికీ చెప్పడు, చెప్పకపోతే మందు అందదు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసినప్పుడు

ఏదైనా తిన్న నిమిషాల్లో, లేదా మందు వేసుకున్న కాసేపటికి పెదవులు దురద పెట్టి ఉబ్బితే అది ఎలర్జీ కావచ్చు. పల్లీలు, గుడ్డు, చేప, రొయ్య, కొన్ని యాంటీబయాటిక్ మాత్రలు కొందరికి పడవు. ఒంటి మీద దద్దుర్లు లేవడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. మన తెలుగు నేల మీద 2005లో మొదలైన ఈ అంబులెన్సు సేవకు పైసా ఖర్చు లేదు. రాత్రి అని, సార్ నిద్రపోయారని మొహమాటపడవద్దు. వాచ్‌మెన్‌ను గాని, సార్‌ను గాని లేపాలి. ఎవరికి ఏది పడదో వార్డెన్ సార్ దగ్గరి పుస్తకంలో ముందే రాయించుకోవాలి.

ఇవి కాక, రెండు వారాలైనా మానని పుండు, తేనెరంగు పొక్కు కట్టి ముఖమంతా పాకే పుండు, జ్వరంతో కూడిన వాపు, నోటిలో తెల్లని మచ్చ ఉంటే వర్ధన్నపేట ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడి డాక్టరు అవసరమనుకుంటే వరంగల్ ఎంజీఎంకు పంపుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వైద్య బృందం వచ్చినప్పుడు దాక్కోకుండా నోరు తెరిచి చూపించాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు పెదవికి ఎన్నడూ రాయవద్దు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి, మానేయగానే మూతి చుట్టూ కురుపులు లేస్తాయి.

గోడ మీద రాసి పెట్టుకోదగినవి

1. పెదవిని నాకవద్దు, తోలు పీకవద్దు.
2. రోజుకు మూడు నాలుగు సార్లు, పడుకునే ముందు తప్పక జెల్లీ గాని, నెయ్యి గాని, కొబ్బరినూనె గాని రాసుకోవాలి.
3. తువాల, బ్రష్, గ్లాసు, జెల్లీ డబ్బా, లిప్‌స్టిక్ ఎవరివి వారివే.
4. పళ్లు తోముకున్నాక మూతి చుట్టూ నురగ మిగలకుండా కడగాలి.
5. మామిడికాయను తొడిమతో కొరకవద్దు. మిరప ముట్టిన చేతితో మూతి తుడవవద్దు.
6. గుడ్డు, మజ్జిగ, ఆకుకూర, గుడాలు పళ్లెంలో వదలవద్దు. బియ్యాన్ని రెండుసార్ల కంటే ఎక్కువ కడగవద్దు.
7. నీలం మాత్ర, నులిపురుగుల మాత్ర పారేయవద్దు.
8. పెదవి ఉబ్బి ఊపిరి ఆడకపోతే 108.
9. నోరు పాసిన తమ్ముణ్ని చూసి నవ్వవద్దు, మన పక్కనే కూర్చోబెట్టుకోవాలి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పూలదండలు, శాలువాలు తెస్తుంటాం. ఈసారి ఒక్కొక్కరం పది చిన్న జెల్లీ డబ్బాలు తెస్తే, ఒక గదిలోని పిల్లలకు ఈ చలికాలం గడిచిపోతుంది. అలాగే వంటగది వెనుక రెండు మునగ కొమ్మలు నాటి, పక్కన తోటకూర మడి ఒకటి చేస్తే, నీళ్లు పోయడానికి తమ్ముళ్లు ఎలాగూ ఉన్నారు. వచ్చే ఏడాది మనం మళ్లీ వచ్చేసరికి ఆ ఆకు వాళ్ల పప్పులోకి వచ్చి ఉంటుంది.